ఇంజిన్ శక్తి పెంచాలా, వద్దా: మోటార్‌సైకిల్‌పై ఖర్చు పెట్టే ముందు తేల్చుకునే పద్ధతి

బండి లాగడం లేదని చెప్పగానే సైలెన్సర్ మార్చమనో, ఎయిర్ ఫిల్టర్ మార్చమనో, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) ట్యూనింగ్ చేయించమనో సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఏ రోడ్డు మీద, ఏ గేరులో, ఎంత బరువుతో ఉన్నప్పుడు బండి లాగలేదని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా పెట్టే డబ్బులో చాలా భాగం శబ్దం కొనడానికే పోతుంది. శక్తి పెంచే మార్పులన్నీ వ్యర్థమని నేను అనను. అయితే రోడ్డు మీద తిరిగే బండికి ఇంజిన్ లోపలి మార్పు చివరి మెట్టు కావాలే తప్ప మొదటిది కాకూడదని గట్టిగా నమ్ముతాను. అందుకే కింద చెప్పే పనులను ఇదే వరుసలో చేయండి.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుందాం. 2021 నుంచి వస్తున్న మోడల్‌లో 349 సీసీ ఇంజిన్ 6,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వద్ద 20.2 హార్స్‌పవర్ ఇస్తుంది, 4,000 ఆర్‌పీఎం వద్ద 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. బండి బరువు 195 కిలోలు. మీది వేరే బండి అయితే దాని అంకెలు వేసుకుని ఇదే లెక్క చేయవచ్చు.

మొదటి పని: కొరత ఎక్కడ వస్తోందో కాగితం మీద పెట్టండి

వారం పది రోజుల పాటు మామూలుగా బండి నడుపుతూ, శక్తి చాలలేదని అనిపించిన ప్రతి సందర్భాన్నీ దిగిన వెంటనే ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ, ఎంత వేగంలో, ఏ గేరులో, వెనక ఎవరైనా ఉన్నారా, సామాను ఉందా అన్నవి చాలు. ఈ జాబితా చూస్తే మీ ఫిర్యాదు సాధారణంగా మూడు రకాల్లో ఒకటిగా తేలుతుంది: సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు మందంగా ఉండటం, ఘాట్ రోడ్డులో ఎక్కలేకపోవడం, హైవే మీద 90 దాటాక ముందున్న వాహనాన్ని దాటడానికి ఊపు లేకపోవడం. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

ఘాట్ రోడ్డు సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ మంది పొరబడేది అక్కడే. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. మీరు, వెనక ఇంకొకరు, బండి కలిపి సుమారు 330 కిలోలు. నూరు మీటర్లకు ఏడు మీటర్లు లేచే ఎక్కుడు దారిలో ఆ బరువుతో 50 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టుకోవడానికి, గాలి నిరోధం, టైర్ల రాపిడి కలుపుకున్నా, వెనక చక్రం దగ్గర ఏడు హార్స్‌పవర్‌కు అటూ ఇటూ సరిపోతుంది. ఇరవై హార్స్‌పవర్ల ఇంజిన్ దానికి చాలకపోవడం ఏమిటి? సమాధానం గేరులో ఉంది. శక్తి అంటే టార్క్‌ను ఇంజిన్ తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం వద్ద గుద్దుకుంటూ తిరుగుతున్నప్పుడు, టార్క్ పూర్తిగా 27 న్యూటన్ మీటర్లు ఉందనుకున్నా, వచ్చేది తొమ్మిదిన్నర హార్స్‌పవర్ మాత్రమే. అందులో కొంత గేర్‌బాక్సులోనూ చైన్‌లోనూ పోతుంది. అదే ఇంజిన్‌ను ఒకటి రెండు గేర్లు తగ్గించి 4,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే పదిహేను హార్స్‌పవర్ పైచిలుకు చేతికి వస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా అయిదు హార్స్‌పవర్లకు పైగా కలిసొచ్చాయి. ఏ సైలెన్సర్ కూడా ఈ బండికి అంత ఇవ్వదు. క్లాసిక్‌లో ఆర్‌పీఎం మీటరు ఉండదు కాబట్టి మలుపు తిరిగాక ఇంజిన్ దడదడమని కొట్టుకుంటూ హ్యాండిల్‌ను కుదుపుతుంటే గేరు తగ్గించాలన్న గుర్తు మీ చెవులకూ చేతులకూ అలవాటు కావాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని కూడా గుర్తుంచుకోండి. సముద్రమట్టం నుంచి ప్రతి వంద మీటర్లకూ ఇంజిన్ శక్తి దాదాపు ఒక శాతం తగ్గుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే అక్కడ 20.2 కాస్తా 18 చిల్లరకు దిగుతుంది. ఇది బండి లోపం కాదు.

హైవే ఫిర్యాదు దీనికి పూర్తిగా భిన్నమైనది. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. గరిష్ఠ వేగాన్ని పది శాతం పెంచాలంటే శక్తిని దాదాపు 33 శాతం పెంచాలి. క్లాసిక్ లెక్కన చూస్తే ఆరేడు హార్స్‌పవర్లు అదనంగా కావాలి; అవి సైలెన్సర్, ఫిల్టర్లతో రావు. పైగా 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద ద్విచక్ర వాహనానికి గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికైతే ద్విచక్ర వాహనాలకు అనుమతే లేదు. మీ జాబితాలో ఉన్నవన్నీ నూరు దాటిన తర్వాతి సందర్భాలే అయితే, ఆ శక్తిని వాడుకునే చోటు మన రోడ్లపై ఉందా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి.

రెండవ పని: ఉన్న శక్తి చక్రం దాకా చేరుతోందో లేదో చూడండి

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ఒకసారి గట్టిగా తిప్పండి. చెయ్యి తీశాక అది సాఫీగా కొన్ని చుట్లు తిరగాలి. సగం చుట్టులోనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందనో, చైన్ అతి బిగువుగా ఉందనో, బేరింగ్ పోయిందనో అర్థం. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చైన్ కింది వైపు మధ్యలో వేలితో ఎత్తి చూడండి. ఒక చోట వదులుగా, ఇంకో చోట బిగువుగా తగిలితే చైన్ ఒకే తీరుగా అరగలేదన్నమాట. దాన్ని ఎంత సర్దినా ఫలితం ఉండదు, స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) సహా సెట్టు మార్చాల్సిందే. ముందు చక్రాన్ని కూడా లేపి ఇలాగే పరీక్షించండి, ఎందుకంటే డిస్కు బ్రేకు పిస్టన్ మట్టితో బిగుసుకుపోవడం వానాకాలం తర్వాత చాలా మామూలు.

క్లచ్ జారుతోందేమో తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు మీద పై గేరులో తక్కువ వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ మోత ఒక్కసారిగా పెరిగి, వేగం మాత్రం తర్వాత మెల్లగా పెరిగితే క్లచ్ ప్లేట్లు అరిగాయి. ఇటువంటి బండికి శక్తి పెంచితే ఆ పెరిగిన శక్తి కూడా క్లచ్‌లోనే వేడిగా మారి పోతుంది. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రత, స్పార్క్ ప్లగ్ గ్యాప్, టాపెట్ల (వాల్వుల దగ్గరి ఖాళీ) సర్దుబాటు, ఇంజిన్ ఆయిల్ గడువు మాన్యువల్‌లో ఉన్న అంకెల ప్రకారం ఉన్నాయో లేదో చూపించండి. పాత బండి అయితే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలవడం) కూడా తప్పనిసరిగా చేయించండి. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్‌కు కొత్త సైలెన్సర్ పెట్టడమంటే చిల్లు కుండకు కళాయి వేయించడమే.

కార్బురేటర్ ఉన్న పాత బుల్లెట్లకు ఇంకో మాట చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న పెట్రోల్‌లో ఇథనాల్ ఇరవై శాతం వరకు ఉంటోంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు. ఇంజెక్షన్ బండ్లు ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈ తేడాను కొంతవరకు సర్దుకుంటాయి. కార్బురేటర్ మాత్రం జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే వదులుతుంది, అందువల్ల మిశ్రమం పలచబడి బండి నీరసంగా తోచవచ్చు. ప్లగ్ తీసి చూస్తే లేత ఇటుక రంగుకు బదులు తెల్లగా కాలిపోయినట్లు కనిపించడం దీనికి గుర్తు. అలాంటప్పుడు కావలసింది ఒక మెట్టు పెద్ద జెట్టు, నాణ్యమైన మెకానిక్ అరపూట శ్రమ.

ఖరీదైన 95 లేదా 100 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే శక్తి పెరుగుతుందన్నది ఒక గట్టి అపోహ. ఎక్కువ ఆక్టేన్ ఇంధనం ముందే పేలిపోకుండా తట్టుకుంటుందే గాని, అందులో అదనపు బలమేమీ ఉండదు. క్లాసిక్ కంప్రెషన్ నిష్పత్తి 9.5:1, దానికి మామూలు పెట్రోలే చాలు.

మూడవ పని: ఇంజిన్ జోలికి పోకుండా వచ్చే లాభాన్ని ముందు తీసుకోండి

బరువుతో మొదలుపెట్టండి. బండి 195, మీరు 70 కిలోలు అనుకుంటే మొత్తం 265. భారీ ఇనుప క్రాష్ గార్డులు, ఎప్పుడూ తగిలించి ఉంచే లగేజీ క్యారియర్, పెట్టెలు తీసేసి పదిహేను కిలోలు తగ్గిస్తే, బయల్దేరేటప్పుడు ఒకటింపావు హార్స్‌పవర్ పెంచిన ఫలితం దొరుకుతుంది. బ్రేకు వేసేటప్పుడూ మలుపు తిరిగేటప్పుడూ కూడా ఈ లాభం ఉంటుంది. ఇంజిన్ శక్తి పెంచడం వల్ల ఆ రెండూ రావు.

తర్వాతిది స్ప్రాకెట్. ముందు 15 పళ్లు, వెనక 45 పళ్లు ఉన్న కేటీఎం 390 డ్యూక్ వంటి బండిలో నిష్పత్తి మూడు. ముందుది 14 పళ్లకు మారిస్తే అది 3.21 అవుతుంది. ప్రతి గేరులోనూ చక్రానికి అందే లాగుడు ఏడు శాతం పెరుగుతుంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా అంతే స్పష్టం: అదే వేగానికి ఇంజిన్ ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది, హైవేలో అదురు పెరుగుతుంది, వేగం లెక్క గేర్‌బాక్సు నుంచి తీసుకునే బండ్లలో స్పీడోమీటర్ తప్పు చూపుతుంది. ఊళ్లోనూ ఘాట్లలోనూ తిరిగేవారికి ఇది మంచి మార్పు. హైదరాబాద్, విజయవాడ మధ్య తరచూ పరుగెత్తేవారికి కాదు. నచ్చకపోతే పాత పళ్ల చక్రం మళ్లీ వేసుకోవచ్చు, అందుకే ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు. అయితే క్లాసిక్ వంటి బండికి సరిపోయే స్ప్రాకెట్ నాణ్యంగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి; మెత్తటి ఇనుముతో చేసిన చవక స్ప్రాకెట్ కొత్త చైన్‌ను కూడా పాడు చేస్తుంది.

నాలుగవ పని: చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. బోరు (సిలిండర్ వెడల్పు) పెంచి 350ని ఇంకా పెద్ద సీసీ చేస్తే ఆర్‌సీలో ఉన్న సామర్థ్యానికీ బండికీ పొంతన ఉండదు కాబట్టి అది నేరుగా దీని కిందికి వస్తుంది.

సైలెన్సర్ సంగతి వేరుగా ఉంటుంది. శబ్దం, కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 190(2) సెక్షన్ వర్తిస్తుంది: మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ కాలుష్య నియంత్రణలో కీలక భాగమైంది. దాన్ని కోసి తీసేసే గొట్టం ఏదైనా రోడ్డు మీదికి పనికిరానిదే, అమ్మేవారు దానికి ఏ పేరు పెట్టినా సరే. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి పక్క సందులో ఆ మోత భరించేవారి గురించి ఆలోచించాలి.

బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయకుండా ఇంజిన్‌లో మార్పు చేస్తే, ప్రమాదం తర్వాత సర్వేయర్ ఆ మార్పును గమనించి సొంత నష్టం క్లెయిమ్‌ను తిరస్కరించే అవకాశం ఉంది. ముందుగా మెయిల్ పంపి, వచ్చిన జవాబు దాచుకోండి. వారంటీలో ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌లోనూ అడగండి, నోటి మాటతో సరిపెట్టుకోకండి.

అయిదవ పని: ఆగే శక్తిని ముందు పెంచండి

వేగం 80 నుంచి 100కు పెరిగితే బండి ఆగడానికి పట్టే దూరం పావు వంతు కాదు, సగానికి పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి శక్తికి కేటాయించిన డబ్బులో మొదటి వాటా మంచి టైర్లకు, కొత్త బ్రేకు ప్యాడ్లకు, బ్రేకు ఆయిల్ మార్పుకు, ముందు ఫోర్కుల నుంచి ఆయిల్ కారుతుంటే వాటి సీళ్లకు పోవాలి. ఏబీఎస్ లేని, ముందు డ్రమ్ బ్రేకు ఉన్న పాత బండికి శక్తి పెంచే పని ఏ రూపంలోనూ చేయించవద్దని నా సలహా.

ఆరవ పని: ఇక ఇంజినే మిగిలితే, లెక్క వేయండి

ఇంత చేశాక కూడా మీ కాగితం మీద కొన్ని సందర్భాలు మిగిలితే, అప్పుడు రెండు దారులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఈ బండికే ఖర్చు పెట్టడం, రెండవది దీన్ని అమ్మి పెద్ద బండి కొనడం. మొదటి దారిలో ఫిల్టర్, సైలెన్సర్, ఈసీయూ సర్దుబాటు కలిపి క్లాసిక్ వంటి ఇంజిన్‌కు సాధారణంగా ఒకటి రెండు హార్స్‌పవర్లకు మించి ఆశించకూడదు. దీనికి కారణం ఇంజిన్ స్వభావమే. 85.8 మిల్లీమీటర్ల పొడవైన స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న ఈ ఇంజిన్ కింది ఆర్‌పీఎంలో లాగడానికి తయారైంది. దాన్ని 6,100 నుంచి 7,500కు తిప్పాలని చూస్తే కనెక్టింగ్ రాడ్ మీద, క్రాంక్ మీద పడే జడత్వ బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. కామ్ (వాల్వులను తెరిచే భాగం) మార్చడం, హెడ్‌లో గాలి వచ్చిపోయే దారులను అరగదీసి పెద్దవి చేయడం, కంప్రెషన్ పెంచడం అన్నీ ఇంజిన్‌ను ఆ వైపే నెడతాయి. గాలితో చల్లబడే ఇంజిన్‌కు రామగుండం మే నెల ఎండలో ఈ అదనపు వేడి చిన్న విషయం కాదు.

రెండవ దారిలో హిమాలయన్ 450 ఇంజిన్ 40 హార్స్‌పవర్ ఇస్తుంది, ఇంటర్‌సెప్టర్ 650 అయితే 47. ఆ శక్తికి తగిన ఫ్రేమ్, బ్రేకులు, క్లచ్, వారంటీ అన్నీ దానితోనే వస్తాయి. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గి, అంతకు మించిన వాటిపై 40 శాతమైంది కాబట్టి కొత్త ధరలతోనే లెక్క చూడండి. పాత బండికి వచ్చే ధర తీసేశాక మిగిలే తేడాను, మొదటి దారిలో ఒక్కో హార్స్‌పవర్‌కు పడే ఖర్చుతో పోల్చండి. పది హార్స్‌పవర్లకు పైగా కావాలనుకునేవారికి దాదాపు ఎప్పుడూ రెండవ దారే చవక. ఆ బండి తాతగారిదో నాన్నగారిదో అయి, అమ్మే ప్రసక్తి లేకపోతే, దాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తెప్పించడం మీద ఖర్చు పెట్టమంటాను.

మీకు కావలసింది నిజంగా పోటీ వేగమే అయితే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూర్‌లోని కారి స్పీడ్‌వే ఉన్నాయి. అక్కడ శిక్షణ తీసుకోండి. పెరిగిన శక్తిని వాడటానికి అవి సరైన చోట్లు, రోడ్డు బండికి చేయకూడని మార్పులు ట్రాక్ బండికి చేసుకోవచ్చు.

చేయించాలనే నిర్ణయించుకుంటే

డైనో (చక్రం దగ్గర శక్తిని కొలిచే యంత్రం) ఉన్న ట్యూనర్ దగ్గరికే వెళ్లండి. ఏ మార్పూ చేయకముందు ఒకసారి, చేశాక మరొకసారి, అదే డైనో మీద, అదే గేరులో కొలిపించి రెండు గ్రాఫులూ తీసుకోండి. కంపెనీ చెప్పే 20.2 క్రాంక్ దగ్గరిది. చక్రం దగ్గర పది పదిహేను శాతం తక్కువగా, అంటే పదిహేడు పద్దెనిమిది చూపిస్తే కంగారు పడనక్కరలేదు. మార్పు తర్వాతి అంకెను కంపెనీ అంకెతో కాక, మీ బండి మొదటి కొలతతోనే పోల్చాలి. గరిష్ఠ అంకె కంటే, మీరు రోజూ తిరిగే 2,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య గీత ఎలా ఉందో చూడండి. పైన ఒక హార్స్‌పవర్ పెరిగి ఈ మధ్య భాగంలో తగ్గితే, ఊళ్లో మీ బండి మునుపటి కంటే మందంగా నడుస్తుంది. గాలి, ఇంధన నిష్పత్తి గీత కూడా అడగండి. అది చూపించలేని ట్యూనర్‌కు బండి అప్పగించవద్దు.

మార్పులన్నీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా చేయించండి, అప్పుడే దేని వల్ల ఏం వచ్చిందో తెలుస్తుంది. చేయించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా నడిపి, ఆయిల్ మార్పించి, తీసిన ఆయిల్‌లో లోహపు రజను ఉందేమో వెలుతురులో చూడండి. తీసేసిన అసలు సైలెన్సర్‌ను, ఫిల్టర్ డబ్బాను, ఈసీయూను మెకానిక్ షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని, నూనె గుడ్డతో తుడిచి, పొడి చోట దాచండి. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడైనా, అంతకుముందే అమ్మదలచినప్పుడైనా, బండిని మళ్లీ అసలు రూపంలో నిలబెట్టడానికి అవే కావాలి.